బావకి 26 గేజ్ తీగ పంపాలా వద్దా? 0.12 ఓమ్ కాయిల్ చుడతాడట

బ్రాడీపేట పద్దులు:

నమస్కారమండీ. మాది గుంటూరు. మిర్చి కోల్డ్ స్టోరేజీలో అకౌంట్స్ రాస్తాను. కరెంటు సంగతి అంటే ఫ్యూజు మార్చడం వరకే నాకు వచ్చు, అందుకే ఇక్కడ అడుగుతున్నా.

మా అక్కావాళ్ళు బర్మింగ్‌హామ్‌లో ఉంటారు. బావకి ఇక్కడున్నప్పటి నుంచీ సిగరెట్ అలవాటు. అక్కడికి వెళ్ళాక వేప్‌కి, అంటే ఈ-సిగరెట్‌కి మారి సిగరెట్ పూర్తిగా మానేశాడు. అక్కడ అది చట్టప్రకారం దొరికే వస్తువే, షాపులో బిల్లిచ్చి అమ్ముతారు. మేమూ ఏమీ అనలేదు. ఈ మధ్య మాత్రం షాపులో కొన్న వేప్ బాక్సు పక్కన పడేసి, ఎవరో ఫ్రెండు అమ్మేస్తుంటే ఒక ఇత్తడి గొట్టం తీసుకున్నాడు. మెకానికల్ మాడ్ అంటారట. అందులో సర్క్యూట్ లేదు, స్క్రీన్ లేదు. గొట్టంలో ఒక సెల్, కింద బటన్, పైన ద్రవాన్ని కాల్చి పొగ చేసే కాయిల్, అంతే. కాయిల్ తనే చుట్టుకోవాలి. ఓమ్స్ ఎంత తగ్గితే పొగ అంత దట్టంగా వస్తుందని, 0.12 ఓమ్ చేస్తానని కూర్చున్నాడు.

నా దాకా ఎందుకొచ్చిందంటే, వచ్చే నెల అమ్మ అక్క దగ్గరికి వెళ్తోంది. గోంగూర పచ్చడి, కారప్పొళ్ళతో పాటు "మన మోటార్ వైండింగ్ షాపుల్లో 26 గేజ్ తీగ చవగ్గా దొరుకుద్ది, ఓ పది మీటర్లు అమ్మతో పంపించు బామ్మర్దీ" అని మెసేజ్ పెట్టాడు. అక్కేమో నాకు విడిగా ఫోన్ చేసి, "మీ బావ వంటింటి గట్టు మీద కూర్చుని ఆ తీగలు ఎర్రగా కాలుస్తున్నాడురా, పిల్లాడు కాళ్ళ దగ్గరే పాకుతుంటాడు, నాకు టెన్షన్‌గా ఉంది, నువ్వు పంపకు" అంటోంది.

సెల్ ఫొటో అడిగితే పంపాడు. 18650 అని (అది సెల్ సైజు), 3000 ఎంఏహెచ్ (కెపాసిటీ), 40ఏ (ఆంపియర్లు) అని రాసుంది. "40 రాసుంది, నేను లాగేది 35. ఇంకా ఐదు మిగులు. ఓమ్స్ లా ఇంటర్లో చదువుకోలేదా?" అని నన్నే ఎదురు అడిగాడు. క్యాలిక్యులేటర్‌లో కొట్టి చూస్తే అంకె సరిపోయింది. పద్దుల్లో ఐదు మిగిలితే నాకు సంతోషమే, ఇక్కడ ఆ ఐదుని నమ్మొచ్చో లేదో తెలియట్లేదు.

బావ మొండివాడు కాదు. కారణం చూపిస్తే వింటాడు, ఊరికే వద్దంటే వినడు. ఆ తీగ ఇక్కడ కొని పంపొచ్చా? 0.12 నిజంగానే ప్రమాదమా, అక్క అనవసరంగా భయపడుతోందా?

పాతకాపు:

ఇత్తడి గొట్టంలో లిథియం సెల్ పెట్టి మూతి దగ్గర పెట్టుకోవడమేంటయ్యా, అదీ డబ్బులిచ్చి కొని! దీనికన్నా సిగరెట్టే నయం. తీగ దొరకలేదని చెప్పు, గొడవ వదిలిపోద్ది.

ఆటోనగర్ ప్యాక్:

తమ్ముడూ, నేను విజయవాడ ఆటోనగర్‌లో స్కూటర్లవీ ఈ-ఆటోలవీ లిథియం ప్యాక్‌లు రిపేర్ చేస్తా. వేప్ నా వ్యాపారం కాదు, నాకు ఆ అలవాటూ లేదు. కానీ 18650 సెల్ రోజూ నా చేతిలో ఉంటది కాబట్టి దాని సంగతి చెబుతా.

ముందు తీగ విషయం తేల్చేద్దాం, ఎందుకంటే అది నీ చేతిలో ఉన్న పని. మోటార్ వైండింగ్ షాపుకెళ్ళి 26 గేజ్ అంటే వాళ్ళిచ్చేది రాగి తీగ, పైన ఎనామిల్ పూత. రాగికి రెసిస్టెన్స్ దాదాపు ఉండదు. ఆ గేజ్‌లో మీటర్‌కి పదో వంతు ఓమ్ వస్తుంది, కాయిల్‌కి పట్టే ఎనిమిది సెంటీమీటర్లకి 0.01 కూడా రాదు. అంటే ప్లస్సూ మైనస్సూ తీగతో నేరుగా కలిపేసినట్టే. పైగా ఆ ఎనామిల్ కాలితే వచ్చే పొగ పీల్చాల్సింది కాదు. కాయిల్‌కి వాడేది వేరే లోహం: కాంతాల్ అనే ఇనుము, క్రోమియం, అల్యూమినియం మిశ్రమం, లేదా నిక్రోమ్, లేదా 316ఎల్ స్టెయిన్‌లెస్. మన దగ్గర హీటర్ కాయిల్స్, పాత కరెంటు స్టవ్ కాయిల్స్ అమ్మే చోట నిక్రోమ్ అని ఒకటి ఇస్తారు. అందులో ఏమేం కలిసిందో అమ్మేవాడికీ తెలియదు. నీళ్ళు కాచడానికి సరే, ఊపిరితిత్తుల్లోకి పోయేదానికి అలాంటిది వాడకూడదు. బర్మింగ్‌హామ్‌లోనే ఏ లోహమో, మందమెంతో లేబుల్ మీద అచ్చేసిన తీగ రీలు దొరుకుతుంది. కాబట్టి తీగ పంపకు. నువ్వు వద్దనడం కాదు, ఆ షాపులో ఆ వస్తువే లేదు.

ఇక ఆ 40. మీ బావ భాగహారంలో తప్పు లేదు. నిండుగా ఛార్జ్ అయిన సెల్ 4.2 వోల్టులు, 0.12తో భాగిస్తే 35 ఆంపియర్లు. తప్పంతా సెల్ మీద అచ్చేసిన అంకెలో ఉంది. ఏ సెల్‌కైనా కరెంటు రేటింగ్ రెండు రకాలుగా చెప్పుకోవచ్చు. ఆపకుండా ఎంత ఇవ్వగలదు అనేది కంటిన్యువస్. ఒకట్రెండు సెకన్లు ఇచ్చి విశ్రాంతి తీసుకుంటే ఎంత అనేది పల్స్. ఆ పల్స్‌కి అందరూ ఒప్పుకున్న కొలత లేదు, ఎన్ని సెకన్లు, ఎంత విశ్రాంతి అన్నది ఎవడి ఇష్టం వాడిది. స్లీవ్ (సెల్ పైన చుట్టిన ప్లాస్టిక్ తొడుగు) మీద పెద్ద అక్షరాలతో వేసుకునేది తరచూ ఇదే. నిజమైన కంపెనీ డేటా షీట్ చూడు: సామ్‌సంగ్ 25ఆర్, 2500 ఎంఏహెచ్, 20 ఆంపియర్లు. సామ్‌సంగ్ 30క్యూ, 3000 ఎంఏహెచ్, 15. ఎల్‌జీ హెచ్‌జీ2, 3000, 20. సోనీ వీటీసీ5ఏ, 2600, 25. కెపాసిటీ పెరిగితే కరెంటు తగ్గడం మామూలు. 3000 ఉండి 40 అంటున్నాడంటే ఎవడో 15దో 20దో కొని, స్లీవ్ మార్చి, నోటికొచ్చిన అంకె అచ్చేశాడని నేను అనుకుంటా. మా మార్కెట్లోకి 9900 ఎంఏహెచ్ అని రాసినవి కూడా వస్తాయి, 18650 సైజులో అలాంటిది అసలు లేదు. స్లీవ్ కోసి చూస్తే లోపల పాత లాప్‌టాప్ సెల్.

ఆ సెల్ 15 ఆంపియర్లదే అయితే మీ బావకి మిగిలేది ఐదు కాదు, ఇరవై అప్పు. నువ్వు అకౌంట్స్ మనిషివి కాబట్టి ఈ భాషలో చెప్పినా అర్థమవుతుంది.

35 లాగితే ఏమవుతుందో చూడు. మంచి సెల్ లోపలి రెసిస్టెన్స్ 20 మిల్లీ ఓమ్స్ అనుకుందాం. 35ని 35తో గుణించి 0.02తో గుణిస్తే 24.5 వాట్లు. ఇది కాయిల్‌లో పుట్టే వేడి కాదు, సెల్ కడుపులో పుట్టేది. నా బల్ల మీద 25 వాట్ల సోల్డరింగ్ ఐరన్ ఉంది, అంత వేడి నలభై ఐదు గ్రాముల సెల్ లోపల. ఒకసారి నొక్కి వదిలేస్తే తట్టుకుంటుంది. వరసగా నొక్కితేనో, జేబులో బటన్ ఇరుక్కుంటేనో తట్టుకోదు. లోపలి సెపరేటర్ పొర కరిగితే ఆపైన బటన్ వదిలినా ఆగదు, సెల్ తనని తానే కాల్చుకుంటుంది. 2022 ఏప్రిల్‌లో మన సూర్యారావుపేటలో ఇంట్లో ఛార్జింగ్ పెట్టిన స్కూటర్ బ్యాటరీ పేలి ఒకాయన పోయాడు కదా, అది జరిగిన వారమంతా నా షాపుకి జనం ప్యాక్‌లు పట్టుకొచ్చి "ఇది కూడా పేలుద్దా" అని అడిగారు. స్కూటర్ ప్యాక్‌లో కనీసం బీఎంఎస్ అని ఒక బోర్డు ఉంటుంది, కరెంటు ఎక్కువైతే కట్ చేస్తుంది. మీ బావ గొట్టంలో ఆ మాత్రం కూడా లేదు.

మెకానికల్‌కి నేను పూర్తిగా వ్యతిరేకం అని కాదు. ఓ పద్ధతి ఉంది, అది చాలామంది తలకిందులుగా చేస్తారు. ముందు కాయిల్ ఇంత కావాలని అనుకుని దానికి సెల్ వెతుకుతారు. సెల్ దగ్గర మొదలుపెట్టాలి. నమ్మకమైన 20 ఆంపియర్ల సెల్ ఉందనుకో, 4.2ని 20తో భాగిస్తే 0.21. అది గోడ. గోడకి ఆనుకుని నిలబడకూడదు కాబట్టి 0.3 చుట్టుకుంటే 14 ఆంపియర్లు, దాదాపు 59 వాట్లు. ఆ పొగ చాలదా మనిషికి!

ఈ సంగతులు చెప్పి, మూడు ఫొటోలు అడుగు: సెల్ ప్లస్ వైపు దగ్గరగా తీసింది, కాయిల్ బిగించే భాగం అడుగున ఉన్న పిన్ను, గొట్టానికి గాలి పోయే రంధ్రాలు. చూసి చెబుతా.

కొత్తపేట సిస్టర్:

పాతకాపు గారూ, "సిగరెట్టే నయం" అని రాయకండి. గుంటూరు కొత్తపేటలో ఛాతీ వైద్యుల దగ్గర పనిచేస్తున్నా, సిగరెట్ మానలేక వచ్చేవాళ్ళని రోజూ చూస్తా. పొగాకు కాలితేనే తారు, కార్బన్ మోనాక్సైడ్ వస్తాయి. సిగరెట్ పూర్తిగా మానేసి వేప్‌కి మారిన పెద్దవాళ్ళకి హాని తగ్గుతుందని బ్రిటన్ ఆరోగ్య శాఖ కూడా చెబుతుంది. తగ్గడం అంటే లేకపోవడం కాదు. ఏ అలవాటూ లేనివాడు మొదలుపెట్టడానికి మాత్రం ఏ కారణమూ లేదు. వాళ్ళ బావ మళ్ళీ సిగరెట్ ముట్టుకోకుండా ఉండటం ముఖ్యం, ఆ గొట్టం లేకపోయినా అది అవుతుంది.

తమ్ముడూ, బ్యాటరీ కంటే ముందు నాకు పిల్లాడి మాట ఆందోళనగా ఉంది. బ్రిటన్‌లో నికోటిన్ ద్రవం మిల్లీలీటర్‌కి 20 మిల్లీగ్రాములు మించకూడదు, సీసా 10 మిల్లీలీటర్లు మించకూడదు. అంటే ఒక్క సీసాలో 200 మిల్లీగ్రాముల దాకా నికోటిన్ ఉండొచ్చు. పండ్ల వాసన, తియ్యటి రుచి. పాకే పిల్లాడు అందులో కొంచెం మింగినా వాంతులతో మొదలై ప్రాణం మీదికి రావచ్చు, ఎదురుచూడకుండా ఎమర్జెన్సీకి ఫోన్ చేయాలి. చర్మం మీద ఒలికినా వెంటనే కడగాలి. వంటింటి గట్టు మీద ఆ పని వద్దు అని మీ అక్క అనడంలో అనవసర భయమేం లేదు. తాళం వేసే పెట్టె ఒకటి కొనమనండి.

ఇంకోటి. కాయిల్‌కి ద్రవం అందించే దూది సరిగ్గా తడవకుండా బటన్ నొక్కితే మాడు వాసన గొంతులో కొడుతుంది. ద్రవం అతిగా వేడెక్కినప్పుడు ఫార్మాల్డిహైడ్ లాంటివి తయారవుతాయి. ఓమ్ తగ్గి వాట్లు పెరిగిన కొద్దీ దూది అంత వేగంగా ద్రవం అందించాలి. మాడు రుచి వచ్చిందంటే అక్కడితో ఆపేయాలి, ఇంకో రెండు పీల్చి చూద్దాం అనకూడదు. ఫ్లేవర్ కోసం ఇంట్లో నూనెలు కలిపేవాళ్ళూ ఉంటారు, అది అస్సలు వద్దు. 2019లో అమెరికాలో వేపింగ్ వల్ల ఊపిరితిత్తులు దెబ్బతిని 2020 ఫిబ్రవరి నాటికి 2,807 మంది ఆసుపత్రి పాలయ్యారు లేదా చనిపోయారు, అందులో మరణాలు 68. ముఖ్యంగా గంజాయి ద్రవాల్లో కలిపిన విటమిన్ ఈ అసిటేట్ అనే నూనె పదార్థమే దానికి ప్రధాన కారణమని తేలింది.

కాలితే చల్లటి కుళాయి నీళ్ళ కింద ఇరవై నిమిషాలు పెట్టడం. పేస్టు, ఇంకు, పసుపు రాయొద్దు. ఇది వేప్‌కే కాదు, ఎందుకైనా సరే.

బ్రాడీపేట పద్దులు:

సిస్టర్ గారికి, ఆటోనగర్ అన్నకి చాలా థాంక్స్. పిల్లాడి సంగతి రాత్రే అక్కకి చెప్పాను. నా మాటగా కాదు, డాక్టర్ దగ్గర పనిచేసేవాళ్ళ మాటగా చెప్పేసరికి సీసాలన్నీ అల్మరా పైకెక్కాయి.

అన్నా, ఫొటోలు పెట్టాను. రాగి సంగతి చెబితే బావ ఒక్క నిమిషం ఆగి, "అదీ నిజమే, వైండింగ్ తీగ అనుకోలేదు, నిక్రోమ్ అడుగు" అన్నాడు. ఆన్‌లైన్ క్యాలిక్యులేటర్‌లో 26 గేజ్ కాంతాల్ అని పెట్టి చుట్లు లెక్కేశాడట. కొలవడానికి మల్టీమీటర్ ఉందట, "0.4 చూపించింది, ఇంకా తగ్గించాలి" అన్నాడు. ఈ 0.4 దగ్గర నాకేదో తేడాగా అనిపించింది, ఎందుకంటే అంతకుముందే 0.15 వచ్చేలా చుట్టానన్నాడు.

ఆటోనగర్ ప్యాక్:

తేడా కరెక్టుగా పట్టావు తమ్ముడూ. మీ బావ మీటర్ రెండు ప్రోబ్‌లు ఒకదానికొకటి ఆనించి చూడమను. 0.2 నుంచి 0.3 దాకా చూపిస్తుంది. అది ఆ వైర్ల సొంత రెసిస్టెన్స్. దానికితోడు 200 ఓమ్ స్కేల్‌లో మామూలు మీటర్‌కి చివరి అంకె 0.1. దాంతో 0.12ని కొలవడం కుదిరే పని కాదు. మీటర్‌లోని బజర్ (రెండు చోట్లా కనెక్షన్ ఉంటే మోగేది) పెట్టి షార్ట్ లేదులే అని తేల్చుకునేవాళ్ళు కూడా ఉన్నారు. కాయిల్ బిగించాక బజర్ ఎలాగూ మోగుతుంది, 0.3 ఓమ్‌కీ అచ్చమైన షార్ట్‌కీ దానికి తేడా తెలియదు. బజర్ వాడాల్సింది కాయిల్ పెట్టకముందు, మధ్య పిన్నుకీ బయటి మరకీ మధ్య. అప్పుడు మోగిందంటే ఇన్సులేటర్ పోయిందని అర్థం, ఆ అటామైజర్ (కాయిల్ బిగించే పైభాగం) వాడకూడదు.

తక్కువ ఓమ్స్ కొలిచే దారి ఒకటి చెబుతా, మేం నికెల్ స్ట్రిప్ జాయింట్లకి ఇదే చేస్తాం. బెంచ్ పవర్ సప్లైలో కరెంటు సరిగ్గా 1 ఆంపియర్‌కి కట్టేసి కాయిల్ గుండా పంపాలి. మీటర్‌ని మిల్లీవోల్టులకి పెట్టి, ప్రోబ్‌లు సప్లై క్లిప్పుల మీద కాకుండా కాయిల్ కాళ్ళ మీదే ఆనించాలి. 300 మిల్లీవోల్టులు చూపిస్తే 0.3 ఓమ్. 120 చూపిస్తే 0.12. మీటర్ వైర్లలో కరెంటు పారదు కాబట్టి వాటి రెసిస్టెన్స్ లెక్కలోకి రాదు. అంత సరంజామా లేకపోతే వేప్ షాపుల్లో ఓమ్ రీడర్ అని చిన్న పెట్టె అమ్ముతారు. పక్కన పడేసిన ఆ బాక్సు ఉంది చూడు, స్క్రీన్ ఉన్నది, దాని మీద బిగించినా ఓమ్స్ చూపిస్తుంది. ముందు దాని మీద చూడకుండా గొట్టం మీదకి ఏ కాయిలూ ఎక్కించొద్దు.

ఇక గేజ్. ఇది చాలామందికి తట్టదు. మన షాపుల్లో 26 అంటే ఇంగ్లాండ్ పాత లెక్క, ఎస్‌డబ్ల్యూజీ, మందం 0.457 మిల్లీమీటర్లు. క్యాలిక్యులేటర్లలో 26 అంటే అమెరికా లెక్క, ఏడబ్ల్యూజీ, 0.405. చూడ్డానికి ఒకటే తీగ, గోటితో తడిమితే తెలియదు. కానీ కాంతాల్ 26 ఏడబ్ల్యూజీ మీటర్‌కి 11.3 ఓమ్స్ దాకా వస్తుంది. మన హీటర్ షాపు నిక్రోమ్, 80-20 మిశ్రమమే అనుకున్నా, 26 ఎస్‌డబ్ల్యూజీలో 6.6. ఎనిమిది సెంటీమీటర్ల చొప్పున రెండు కాయిల్స్ పక్కపక్కన, ప్యారలల్‌గా పెడితే మొదటి దాంతో 0.45, అంటే తొమ్మిది ఆంపియర్ల పైచిలుకు. రెండో దాంతో 0.26, పదహారు. అవే చుట్లు, అదే గేజ్ నంబరు, కరెంటు మాత్రం ఒకటిన్నర రెట్లకి పైన. అందుకే తీగ కొనేటప్పుడు గేజ్ కాదు, మిల్లీమీటర్లు అడగమను. వెర్నియర్ ఉంటే ఇంకా మంచిది.

ఇప్పుడు నీ ఫొటోలు. గాలి రంధ్రాలు ఉన్నాయి, బాగానే ఉంది. సెల్ వెంట్ అయితే, అంటే లోపలి గ్యాస్ బయటికి చిమ్మితే, అది పోవడానికి దారి కావాలి, లేకపోతే గొట్టం గొట్టంలా ఉండదు, బాంబు అవుతుంది. 2018లో ఫ్లోరిడాలో ఒకరు, 2019లో టెక్సాస్‌లో ఒకరు వేప్ పేలి చనిపోయారు. రెండో చోట ముక్క మెడలోని రక్తనాళాన్ని కోసింది.

సెల్ ఫొటో పెద్దది చేసి చూడు. ప్లస్ బొడిపె చుట్టూ తెల్ల రింగు ఉంది కదా, బార్లీ పేపర్ అంటాం మేము. ఆ రింగు బయట అంచు దగ్గర స్లీవ్ కొంచెం చిరిగి, వెండి రంగు మెరుస్తోంది, ఎడమ వైపు, గోరంత. చాలామంది సెల్‌లో పైభాగమంతా ప్లస్ అనుకుంటారు. కాదు. బొడిపె ఒక్కటే ప్లస్. ఆ మెరిసే అంచు డబ్బాది, డబ్బా మొత్తం మైనస్. రెండింటి మధ్య దూరం ఒకట్రెండు మిల్లీమీటర్లు, అడ్డం ఉన్నది ఆ కాగితం, ఆ స్లీవ్. ఇప్పుడు పిన్ను ఫొటో చూడు. మీ బావ గొట్టం హైబ్రిడ్ రకం, అంటే మధ్యలో వేరే కాంటాక్ట్ లేదు, అటామైజర్ పిన్నే నేరుగా సెల్ బొడిపెని తాకాలి. ఆ పిన్ను బయటి మర కంటే బాగా ముందుకి పొడుచుకు రావాలి. ఫొటోలో సమానంగా ఉంది. బిగిస్తే పిన్నుతో పాటు మర అంచు కూడా సెల్ తలని తాకుతుంది, మర మైనస్. అప్పుడు కాయిల్ 0.12 అయినా ఒకటే, రెండు ఓమ్స్ అయినా ఒకటే, బటన్ నొక్కకపోయినా ఒకటే. కరెంటు కాయిల్ దాకా వెళ్ళదు.

ఓమ్స్ లా వచ్చు అంటున్నాడు కాబట్టి చెబుతున్నా, ఈ పిన్ను ఫొటోకీ ఓమ్స్ లాకీ సంబంధం లేదు. ఆ గొట్టం, ఆ సెల్, ఆ పిన్ను కలిపి ఇవాళ్టి నుంచి వాడొద్దని నా మాటగా చెప్పు. సెల్ బయటికి తీసి ప్లాస్టిక్ డబ్బాలో పెట్టమను, జేబులో తాళాలతో, చిల్లరతో వద్దు.

పాతకాపు:

సిస్టర్ గారూ, సిగరెట్ మాట వెనక్కి తీసుకున్నా. ఆటోనగర్ తమ్ముడూ, ఒక డౌటు. మా మనవడు బాక్సు రకంలో అన్నీ చిప్పే చూసుకుంటుంది, ఏ సెల్ వేసినా పర్లేదు అంటాడు బెంగళూరు నుంచి. నిజమేనా?

ఆటోనగర్ ప్యాక్:

బెంగళూరులో వాడుతున్నాడా బాబాయ్, అది వేరే గొడవ, కింద ఎవరైనా చెబుతారు. చిప్ షార్ట్ చూసుకుంటుంది, వోల్టేజ్ మరీ దిగితే ఆపేస్తుంది, అంతవరకు నిజం. సెల్ ఏదైనా పర్లేదన్నది నిజం కాదు. గొట్టంలో సెల్ దిగేకొద్దీ కరెంటు తగ్గుతుంది. బాక్సులో దానికి రివర్స్. 80 వాట్లు పెట్టాడనుకోండి, చిప్ ఎలాగైనా 80 ఇవ్వాలి. సెల్ 3.2 వోల్టులకి దిగిందంటే, చిప్‌లో పోయే పదో వంతు కూడా కలుపుకుని ఒక్క సెల్ నుంచి దాదాపు 28 ఆంపియర్లు లాగుతుంది. ఛార్జ్ అయిపోయే ముందే సెల్‌కి ఎక్కువ కష్టం. అక్కడ కాయిల్ ఓమ్స్‌తో పని లేదు, వాట్లు చూసుకోవాలి.

గవర్నర్‌పేట జూనియర్:

పిలిచారు కాబట్టి వచ్చా. విజయవాడ కోర్టుల్లో జూనియర్‌ని. మన దేశంలో ఈ-సిగరెట్ల మీద 2019 సెప్టెంబర్ 18న ఆర్డినెన్స్ వచ్చింది, అదే ఏడాది డిసెంబర్‌లో చట్టమైంది. తయారీ, దిగుమతి, ఎగుమతి, రవాణా, అమ్మకం, ప్రకటన అన్నీ నిషేధం. మొదటిసారికి ఏడాది దాకా జైలు, లేదా లక్ష దాకా జరిమానా, లేదా రెండూ. మళ్ళీ చేస్తే మూడేళ్ళ దాకా, ఐదు లక్షల దాకా. నిల్వ ఉంచితే ఆరు నెలల దాకా జైలు, లేదా 50,000 దాకా జరిమానా, లేదా రెండూ. నికోటిన్ ఉందా లేదా అన్నదానితో సంబంధం లేదు. అక్కడ బిల్లుతో కొన్నానంటే గన్నవరం ఎయిర్‌పోర్టులో వినరు.

పద్దులు గారూ, మీ బావగారు సంక్రాంతికి వచ్చేటప్పుడు గొట్టమైనా బాక్సైనా సామాన్లో పెట్టుకోవద్దని ఇప్పుడే చెప్పండి. వచ్చాక చెబితే లాభం లేదు. పాతకాపు గారూ, మనవడికి కూడా ఇదే.

బ్రాడీపేట పద్దులు:

నిన్న రాత్రి గంటసేపు వీడియో కాల్. పిన్ను ఫొటో పెద్దది చేసి, ఎక్కడ తాకుతుందో ఆటోనగర్ అన్న రాసింది చదివి వినిపించాను. బావ మధ్యలో లేచి వెళ్ళి గొట్టం తెచ్చుకుని టార్చ్ వేసి చూసుకున్నాడు. కాసేపు మాట్లాడలేదు. తర్వాత "ఆ అమ్మినోడు ఇది నాకు చెప్పలేదు" అన్నాడు. ప్రోబ్‌లు ఆనిస్తే 0.3 వచ్చింది. అంటే 0.4 అనుకున్నది 0.1 దగ్గరుంది, దాన్ని ఇంకా తగ్గిద్దామనుకున్నాడు. అక్క వెనకాల నిలబడి ఒక్క మాట కూడా అనలేదు, అదే గొప్ప.

ప్రస్తుతానికి పాత బాక్సుకే వెళ్ళాడు. కాయిల్ చుట్టడం మాత్రం మానడట, సరదా అట. బాక్సు మీదే, లేబుల్ ఉన్న తీగతో, 0.4కి తగ్గకుండా చుడతానన్నాడు. అది సరేనా అన్నా?

ఇంకొక్క విషయం. అలాంటి సెల్స్ ఇంకో రెండు ఉన్నాయట. అమ్మ తిరిగొచ్చేటప్పుడు పంపిస్తా, ఆటోనగర్ అన్నతో టెస్ట్ చేయించు, నిజంగా ఎంతో తెలుసుకుందాం అంటున్నాడు.

ఆటోనగర్ ప్యాక్:

0.4 సరే, వాట్లు సెల్ రేటింగ్ దాటకుండా చూసుకుంటే. బిగించాక మొదట పది పదిహేను వాట్లలో చిన్నగా నొక్కి చూడమను, కాయిల్ మధ్య నుంచి అంచులకి సమానంగా ఎర్రబడాలి. ఒక్క చోటే మండుతుంటే బటన్ వదిలేసి, సిరామిక్ ట్వీజర్‌తో సర్దాలి. స్టీల్ ట్వీజర్ పెట్టి నొక్కితే అదే షార్ట్. కాళ్ళు కత్తిరించిన చివరలు పక్క గోడకి తగలకూడదు.

సెల్స్ అమ్మగారితో వద్దు తమ్ముడూ. విడి లిథియం సెల్స్ చెక్-ఇన్ బ్యాగులో పెట్టనివ్వరు, చేతి సంచిలోనే, చివరలు కప్పి తేవాలి. స్లీవ్ చిరిగినవి ఆ పెద్దావిడ చేతికి ఇచ్చి విమానం ఎక్కించడమెందుకు? టెస్ట్ చేసి నేను 15 అని చెప్పినా 18 అని చెప్పినా, ఎవరు తయారుచేశారో తెలియని సెల్‌ని మళ్ళీ నోటి దగ్గర పెట్టుకోమని నేను చెప్పను. రెండు చివరలకీ ఇన్సులేషన్ టేపు వేసి, అక్కడ పెద్ద సూపర్ మార్కెట్లలో పాత బ్యాటరీలకి డబ్బా ఉంటుంది, అందులో వేసేయమను. ఇంటి చెత్తబుట్టలో మాత్రం వద్దు, చెత్త లారీలో నలిగితే అంటుకుంటుంది. కొత్తవి పేరున్న బ్యాటరీ షాపులో రెండు కొనుక్కుని, ఛార్జర్ కూడా బాక్సులోది కాకుండా విడిగా ఉండేది వాడమను. ఆ చిరిగిన సెల్ ఫొటో నాకు ఒరిజినల్ సైజులో మెయిల్ చెయ్, షాపులో కుర్రాళ్ళకి చూపించాలి.